పేరు పెట్టి చేసిన ప్రార్థన

షట్టరు సగానికి దించి, కత్తిరింపు బల్ల కింద పడిన గుడ్డపీలికలన్నీ ఊడ్చి, గోడవారగా చాపలు పరిచాక పెద్దక్క ఎప్పటిలాగే ముందు తమ్ముడి వంక చూసింది, తరవాత అతని పక్కనున్న చాప వంక చూసింది. ఆ చాప ఖాళీ. ఇవాళ కూడా మరదలు ప్రార్థన వేళకి మాయమైపోయింది.

ఎక్కడికెళ్ళిందని అడిగితే, దారం అయిపోయిందట, తేవడానికి వెళ్ళిందని తమ్ముడు నేలచూపులు చూస్తూ చెప్పాడు. దారం అయిపోలేదని పెద్దక్కకి తెలుసు. మధ్యాహ్నమే డబ్బా మూత తీసి చూసుకుంది. తెల్లదీ గోధుమరంగుదీ నెలంతా కుట్టినా తరగనంత ఉంది. అయినా ఆ మాట పైకి అనలేదు. దేవుడి ఎదుట కూర్చున్నాక తగువు పెట్టుకోకూడదని నోరు నొక్కుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుందే గాని చెవులు మాత్రం షట్టరు దగ్గరే ఉండిపోయాయి.

వాళ్ళది కర్టెన్లు కుట్టే షాపు. కింద షాపు, పైన రెండు గదులూ వంటిల్లూ. ఇళ్ళకి వెళ్ళి కిటికీల కొలతలు తెచ్చేదీ, వచ్చినవాళ్ళకి గుడ్డలు పరిచి చూపించేదీ, చివర్న ఇస్త్రీ చేసి మడతపెట్టేదీ పెద్దక్క. బల్లమీద సుద్దముక్కతో గీతలు గీసి కత్తిరించేది తమ్ముడు. కుచ్చులు పెట్టి, పైన పట్టీ కుట్టి, రింగులు బిగించేది మరదలు. పనిలో ఆ పిల్లకి వంక పెట్టడానికి లేదు. అనుమానం పెంచుకున్న మనిషికి అదొక పెద్ద ఇబ్బంది. తప్పు దొరకనిచోట ఇంకా లోతుగా వెతకాలనిపిస్తుంది.

పెద్దక్క అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. తల్లి పోయేనాటికి తమ్ముడు పసివాడు. వాణ్ణి చంకనెత్తుకునే కుట్టుపని నేర్చుకుంది. కట్టుకున్నవాడు కాపురం మొదలైన కొత్తల్లోనే ఒక మాటైనా చెప్పకుండా ఎటో వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆమెకి లోకమంటే తమ్ముడే. వాడికి పెళ్ళీడొచ్చాక ఒకసారి జ్వరం తలకెక్కి, సొంత అక్కనే గుర్తుపట్టని స్థితిలో ఆసుపత్రిలో పడ్డాడు. డాక్టర్లు పెదవి విరిచారు. ఆ ఆసుపత్రి వరండాలో మోకాళ్ళమీద కూలబడి, వీణ్ణి నాకు తిరిగిస్తే ఈ నోరు ఇక నీదేనని దేవుడికి మాటిచ్చింది. తమ్ముడు లేచి కూర్చున్నాడు. పెద్దక్క మాట నిలబెట్టుకుంది. గుడ్డ చూపిస్తూ చూపిస్తూ దేవుడి మాట ఎత్తేది. కిటికీ కొలుస్తూ ఆ ఇంటివాళ్ళని ప్రార్థన మందిరానికి రమ్మని పిలిచేది. పవిత్ర గ్రంథం అట్ట చిరిగిపోతే మిగిలిన కర్టెను గుడ్డతో దానికి తొడుగు కుట్టుకుంది.

సాయంత్రం ప్రార్థనకి ఇంట్లోవాళ్ళే కాదు, రాడ్లు బిగించే ముసలాయనా, పక్కనున్న బొత్తాల షాపావిడా కూడా వచ్చి కూర్చునేవారు. ముసలాయన చంకలో ఎప్పుడూ డ్రిల్లింగు మిషను ఉంటుంది కాబట్టి అందరికీ ఆయన డ్రిల్లు బాబాయి. పెద్దక్క ప్రార్థనలో డొంకతిరుగుడు ఉండదు. ఎవరికేం కావాలో పేరు పెట్టి మరీ అడిగేది. బాబాయి మోకాళ్ళ నొప్పులు, బొత్తాల షాపావిడ కొడుకు మొండితనం, తమ్ముడి మతిమరుపు, మరదలి ముక్కుమీది కోపం, మరదలి పుట్టింటి కష్టాలు, అన్నీ గొంతెత్తి దేవుడి చెవిన వేసేది. ప్రతి పేరు దగ్గరా ఆమెకి నిజంగానే కన్నీళ్ళు వచ్చేవి.

అలాంటి ప్రార్థన మానుకుని ఒక ఆడపిల్ల రోజూ అదే వేళకి ఎక్కడికెళ్తుంది?

ముందు పెద్దక్క సాకులు లెక్కపెట్టుకుంది. తలనొప్పి మాత్ర, దారం, స్నేహితురాలికి ఒంట్లో బాలేకపోవడం. తరవాత సాక్ష్యాలు పోగుచెయ్యడం మొదలుపెట్టింది. మరదలు తిరిగొచ్చాక విడిచిన చెప్పులు తిరగేసి చూస్తే వాటికి నల్లటి జిడ్డు అంటుకుని ఉంది. దండెంమీద వేసిన పైబట్ట వాసన చూస్తే డీజిలు కంపు. మడతల్లో వేరుశెనగ పొట్టు కూడా కనిపించింది. ఒక్కతే కూర్చుని వేరుశెనగలు తినే ఆడది పెద్దక్కకి తెలిసి ఎక్కడా లేదు.

డీజిలు అనగానే ఆమెకి గుడ్డతానులు తెచ్చే వ్యాను డ్రైవరు గుర్తొచ్చాడు. అతను గుడ్డతాను దించేటప్పుడు ఏదో అంటాడు, మరదలు నవ్వుతుంది. అదివరకు ఆ నవ్వు పెద్దక్క పట్టించుకోలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ప్రతి నవ్వుకీ ఒక అర్థం కనిపించింది. లేక ఈ పిల్ల మరో ప్రార్థన మందిరంలో చేరిందా? బస్సుల షెడ్డు పక్కన కొత్తగా ఎవరో పాకలో కూటాలు పెడుతున్నారని విన్నది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ఘోరమో ఎంత ఆలోచించినా ఆమెకి తేలలేదు.

ఒక సాయంత్రం తనే ప్రార్థన ఎగ్గొట్టింది. గుడి మెట్లమీద చెప్పులు దొంగిలించినవాడికైనా అంత గుబులు ఉండదు. తమ్ముణ్ణి చదవమని గ్రంథం వాడి చేతిలో పెట్టి, ఒక ఇంట్లో కొలత తప్పు తీసుకున్నాను, మళ్ళీ వెళ్ళి రావాలని అబద్ధమాడి, టేపు మెడలో వేసుకుని మరదలి వెనకాల బయల్దేరింది. మరదలు ఎటూ చూడకుండా నడిచింది. మందుల షాపు దాటింది, స్నేహితురాలి వీధి దాటింది, పాక కూడా దాటింది. చివరికి బస్టాండులోకి వెళ్ళింది.

పెద్దక్క పత్రికల కొట్టు పక్కన, వేలాడుతున్న పుస్తకాల చాటున నిలబడింది. మరదలు ఒక సిమెంటు బెంచీ మీద కూర్చుంది. పొట్లం విప్పి వేరుశెనగలు నోట్లో వేసుకుంటూ వచ్చే బస్సుల్నీ పోయే బస్సుల్నీ చూస్తోంది. ఏ బస్సూ ఎక్కలేదు. ఎవరికో ఎదురుచూస్తోందని పెద్దక్క నిశ్చయించుకుంది. కాసేపటికి ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు వచ్చి బెంచీ ముందు ఆగాడు. ఏదో అన్నాడు. మరదలు తలెత్తి నవ్వుతూ ఏదో జవాబిచ్చి, పొట్లం అతనివైపు చాపింది. అతను రెండు గింజలు తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే నిలదీద్దామనుకుంది గాని, నలుగురిలో పరువు పోయేది తన తమ్ముడిదేనని ఆగింది. ఇంటికొచ్చి తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి, చూసింది చూసినట్టు చెప్పింది. చూడనిది కూడా కొంచెం చెప్పింది.

మరదలు వచ్చాక తమ్ముడు, ఎక్కడికెళ్ళావని మెల్లగానే అడిగాడు. ఆమె వదినగారి ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది, విషయం అర్థం చేసుకుంది.

"బస్టాండుకి వెళ్తాను. అక్కడ కూర్చుంటాను," అంది.

"ఎందుకు?"

"కూర్చోడానికే."

పెద్దక్క కేకలేసింది, గ్రంథంలోంచి ఒకదాని తరవాత ఒకటిగా వాక్యాలు చదివింది, ఏడ్చింది. మరదలు చెయ్యి కడుక్కుని, అన్నం వడ్డించి, తను తినకుండా లోపలికెళ్ళి పడుకుంది. తమ్ముడు కింద షాపులో గుడ్డతానుల మధ్య పడుకోవడం మొదలుపెట్టాడు. మర్నాటినుంచి ఆ ఇంట్లో కుట్టుమిషన్ల చప్పుడు తప్ప మనిషి గొంతు వినబడలేదు.

ఇక లాభం లేదని పెద్దక్క పంతులమ్మగారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ప్రార్థన మందిరంలో ఎవరింట్లో తగువొచ్చినా ఆవిడనే పిలుస్తారు. బక్కపలచగా, గొంతు కూడా సరిగా వినబడకుండా ఉంటుంది. అంతమంది తగువులు ఎలా తీరుస్తుందో పెద్దక్కకి ఎప్పుడూ అంతుపట్టేది కాదు. తనకే ఆ పని అప్పగిస్తే ఒక్క పూటలో తేల్చేద్దునని లోలోపల అనుకునేది కూడా.

జరిగినదంతా చెప్పి, మా మరదలి చేత గ్రంథంమీద చెయ్యి పెట్టించి నిజం చెప్పించండని అడిగింది.

"చెయ్యి పెట్టిస్తే భయం బయటికొస్తుంది తల్లీ. నిజం వస్తుందో రాదో నాకు తెలీదు," అంది పంతులమ్మ. "ముందు వస్తాను. వింటాను."

షాపు సెలవు రోజున వచ్చింది. పై గదిలో అందర్నీ కూర్చోబెట్టి ఒకటే నియమం పెట్టింది. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్ళు నోరు విప్పకూడదు. ఆ మనిషే అయిపోయిందని చెప్పేదాకా అడ్డురాకూడదు. పెద్దక్క మొదలుపెట్టింది. చెప్పులకంటిన జిడ్డు దగ్గర్నుంచి ఖాకీ చొక్కా దాకా, మధ్యమధ్య గ్రంథంలో మాటలు తగిలిస్తూ, గొంతు ఎండిపోయేదాకా చెప్పింది. పంతులమ్మ ఒక్కసారైనా తలాడించలేదు. ఆవిడ నమ్ముతోందో లేదో తెలియక పెద్దక్కకి ఉక్కిరిబిక్కిరిగా ఉంది. తమ్ముడి వంతు వస్తే నీళ్ళు నమిలి, నాకేం తెలీదు, అయిపోయిందన్నాడు. మరదలు తలెత్తి, బస్టాండుకి వెళ్తాను, కూర్చుంటాను, అయిపోయిందంది.

"అది జవాబా?" అని పెద్దక్క విరుచుకుపడింది. "దేవుడి ముందు కూర్చోడానికి తీరిక లేదు గాని డీజిలు పొగలో కూర్చోడానికి ఉందా?"

పంతులమ్మ లేచి నిలబడింది. ఇవాళ్టికి చాలంది. పోతూ పోతూ మరదలి భుజంమీద చెయ్యేసి చెవిలో ఏదో అంది. మరదలు తలూపింది. అది పెద్దక్క చూసింది. వీళ్ళిద్దరికీ ముందే పరిచయం ఉందా? ఈవిడకి ఆ పిల్ల ముందే ఏదో నూరిపోసిందా? తగువు తీర్చమని పిలిస్తే వచ్చినావిడ అవతలి పక్షం చేరిపోతే ఇక తన మాట వినేదెవరు? ఆ రాత్రి దేవుడితో పంతులమ్మ మీద కూడా ఒక మాట చెప్పుకుంది.

రెండు రోజులయ్యాక సరిగ్గా ప్రార్థన వేళకి పంతులమ్మ చెప్పాపెట్టకుండా సగం దించిన షట్టరు కింది నుంచి వంగి లోపలికొచ్చింది. డ్రిల్లు బాబాయీ బొత్తాల షాపావిడా జరిగి చోటిచ్చారు. ఆవిడ నేరుగా వెళ్ళి మరదలి చాపమీద కూర్చుని, నన్ను చూసి ఏమీ మార్చకు, రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యమంది. మరదలు షాపులో లేదు.

పెద్దక్కకి లోలోపల పొంగింది. తన భక్తి ఏపాటిదో ఇప్పుడు చూస్తుందిలే అనుకుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. బాబాయి మోకాళ్ళు, బొత్తాల షాపావిడ కొడుకు, తమ్ముడు. ఆ తరవాత మరదలు. "దేవుడా, మా మరదలి మనసుకి పట్టిన తుప్పు వదిలించు. దానికి కోపం తగ్గించు. చీకటంటే దానికున్న భయం పోగొట్టు. దాని తండ్రి ఆ తాగుడు మానలేక పనిలోంచి గెంటించుకున్నాడు, ఆ సీసా అతని చేతిలోంచి నువ్వే లాగెయ్యి. దాని చెల్లెల్ని మొగుడు ఇంటికి రానివ్వడం లేదు, వాడికి నువ్వే బుద్ధి చెప్పు." ఇలా చెప్తుంటే కన్నీళ్ళు బొటబొటా కారాయి. ఆ తండ్రి కోసం వారంలో ఒక పూట ఆమె భోజనం కూడా మానేస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అందరూ వెళ్ళాక పంతులమ్మ చాపమీదే ఉండిపోయింది.

"వాళ్ళ నాన్న సంగతీ చెల్లెలి సంగతీ ఆ పిల్ల నీతో చెప్పిందా?"

"నాతో ఎందుకు చెప్తుంది? తమ్ముడితో చెప్పుకుంది. వీడు నాతో చెప్పాడు. వీడు నా దగ్గర ఏదీ దాచడు," అంది పెద్దక్క గర్వంగా.

చాప చుడుతున్న తమ్ముడి చేతులు ఆగిపోయాయి. పంతులమ్మ అతని వంక చూసి, మళ్ళీ పెద్దక్క వంక చూసింది. ఏదైనా అంటుందేమోనని పెద్దక్క కాచుక్కూర్చుంది. ఆవిడ మాత్రం, రేపు ఇదే వేళకి మళ్ళీ వస్తాను, ప్రార్థన వద్దు, నలుగురమే కూర్చుందామని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రంతా ఆ ప్రశ్న పెద్దక్కని ముల్లులా గుచ్చింది. ఆవిడ ఏదో పట్టుకుంది. ఏం పట్టుకుందో చెప్పదు. ఇందులో తన తప్పేముంది? ఎవరినీ తిట్టలేదు, శపించలేదు. మంచి జరగాలనే కదా అడిగింది.

మర్నాడు పై గదిలో కూర్చున్నాక పంతులమ్మ పెద్దక్కకి ఒక్కదానికే ఇంకో నియమం పెట్టింది. ఇవాళ గ్రంథం ముయ్యాలి. అందులోంచి ఒక్క మాటైనా రాకూడదు. "ఆ మాటలు ఎక్కడికీ పోవు తల్లీ. ఆ పిల్ల మాటలే, ఇప్పుడు పోతే మళ్ళీ రావు," అంది. తరవాత మరదలి వైపు తిరిగి, అయిపోయిందని నువ్వనేదాకా ఎవరూ నోరు మెదపరు, నాదీ పూచీ అని చెప్పింది.

మరదలు చాలాసేపు చేతి గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. వీధిలో ఎవరో బండి హారను కొడుతున్నారు. పెద్దక్క నాలుక చివర నాలుగు మాటలు క్యూ కట్టాయి. పళ్ళు బిగించి వాటిని ఆపింది.

"పెళ్ళయిన కొత్తలో ఆయనకి అన్నీ చెప్పుకునేదాన్ని," అని మొదలుపెట్టింది మరదలు. "చిన్నప్పుడు మా నాన్న తాగొచ్చి దీపం ఆర్పేసేవాడు. అందుకే నాకు చీకటంటే భయం. అది ఒక రాత్రి ఆయనతో చెప్పాను. మర్నాడు సాయంత్రం ప్రార్థనలో వచ్చింది. నాన్న ఉద్యోగం పోయిందని చెప్పాను. అదీ వచ్చింది. బొత్తాల కోసం వెళ్తే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీ నాన్న మానేశాడా అమ్మా అని అడిగింది. అక్కడున్న వాళ్ళంతా నా వంక తిరిగారు. చెల్లెలి సంగతి వచ్చాక ఇక ఆయనతో ఏదీ చెప్పడం మానేశాను. ఈయనతో చెప్పనివి ఇంకెవరితో చెప్పను?"

అది ప్రేమతో చేసిందే కదా అని పెద్దక్క నోటిదాకా వచ్చింది. పంతులమ్మ కళ్ళెత్తింది. పెద్దక్క మింగేసింది.

"మీరు చెడ్డగా అడగలేదు వదినా. ఏడుస్తూ అడిగేవారు. అందుకే వద్దనడానికి కూడా నాకు నోరు రాలేదు. దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో ఆపమని ఎలా అంటాను? లేచి వెళ్ళిపోవడం తప్ప నాకు ఇంకో దారి తోచలేదు. బస్టాండులో అయితే నా గురించి ఎవరికీ ఏమీ తెలీదు. ఆ ఖాకీ చొక్కా ఆయన పార్సిలు ఆఫీసులో మనిషి. రోజూ కూర్చుంటున్నానని చూసి, ఎవరికోసమైనా చూస్తున్నావా అమ్మా అని అడిగాడు. ఎవరూ రారండీ అన్నాను. మంచిదే అన్నాడు. అయిపోయింది."

అది నిజమేనా అని పెద్దక్క మనసు అప్పుడు కూడా ఒక్కసారి ఎగిరిపడింది. పార్సిలు ఆఫీసు ఎటువైపుందో, ఆ మనిషి వయసెంతో లెక్కలు కట్టుకుంది. అలా లెక్కలు కడుతున్న తనని తనే చూసుకుని, ఆ పిల్ల ఇంతసేపూ చెప్పినదాంట్లో తనకి పట్టింది ఖాకీ చొక్కా ఒక్కటేనా అని సిగ్గుపడింది.

ఈలోపు ఎవరూ అడక్కుండానే తమ్ముడు మాట్లాడాడు.

"అక్కా, నువ్వు ఏమైందిరా అని అడిగితే నాకు చెప్పకుండా ఉండటం చేతకాదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఇది దానితో కూడా అనలేదు, ఇవాళ అంటున్నాను. నీ ప్రార్థన వల్లే నేను బతికానని నువ్వు అందరికీ చెప్తావు. నీకు కాదంటే ఆ జ్వరం మళ్ళీ వస్తుందేమోనని నాకు భయం. చాపమీద కూర్చుంటానే గాని, దేవుడి కోసం కూర్చుంటున్నానో నీ కోసం కూర్చుంటున్నానో నాకు తెలీదు. అయిపోయింది."

పెద్దక్కకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మరదలి మాటలకన్నా ఇది లోతుగా దిగింది. దీనికి జవాబు గ్రంథంలో ఎక్కడుందో ఆమెకి తెలుసు, పేజీతో సహా చెప్పగలదు. ఆ పేజీ వాడికి ఇప్పుడు అవసరం లేదని మొదటిసారి తోచింది. పంతులమ్మ వంక చూసింది. ఆవిడ తీర్పు ఏదో చెప్తుంది, తను దండం పెట్టి ఒప్పుకుంటుంది, అక్కడితో ఒడ్డున పడుతుంది అనుకుంది. పంతులమ్మ చల్లారిపోయిన వేణ్ణీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, వెళ్ళొస్తానంది.

"ఏం చెయ్యమంటారు?" అని పెద్దక్క మెట్లదాకా వెంటపడి అడిగింది.

"వాళ్ళు చెప్పారు కదా," అంది ఆవిడ.

"మొన్న ఆ పిల్ల చెవిలో ఏం చెప్పారు?" పెద్దక్క ఉండబట్టలేక అడిగేసింది.

"రాత్రి అన్నం తినమన్నాను."

మర్నాటి ప్రార్థనలో పెద్దక్క గొంతెత్తలేదు. గ్రంథంలోంచి ఒక పేజీ చదివి, తక్కినది మనసులోనే అడుక్కుందాం అని చెప్పి కళ్ళు మూసుకుంది. షాపులో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. డ్రిల్లు బాబాయి హాయిగా కునుకు తీశాడు. వారం తిరక్కుండానే బొత్తాల షాపావిడ రావడం మానేసింది. ఎదురుపడితే, ఏమీ వినపడని ప్రార్థనకి వచ్చి ఏం చెయ్యను పెద్దక్కా అని నవ్వేసింది. ఆ నవ్వు చూశాక ఇన్నాళ్ళూ ఆవిడ ఏం వినడానికి వచ్చిందో పెద్దక్కకి అర్థమై, ఒళ్ళు చచ్చిపోయినట్టయింది.

అయితే ఇంట్లో అంతా చక్కబడిందని చెప్పడానికి లేదు. తమ్ముడు గుడ్డతానుల మధ్యనుంచి లేచి పై గదికి వెళ్ళాడు గాని, మరదలు అతనితో ముక్తసరిగానే మాట్లాడేది. నువ్వు చెప్పినవి అక్కకి చెప్పకుండా ఉంటానని అతను అంటే, చూద్దాంలే అనేది. మరదలు బస్టాండు మానలేదు. ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పి వెళ్ళేది, అంతే తేడా. పైగా అనుమానం ఇప్పుడు అటునుంచి మొదలైంది. పెద్దక్క కళ్ళు మూసుకుని పెదవులు కదిపితే చాలు, తమ్ముడు ఓరకంట చూసేవాడు, ఆ పెదవులమీద ఎవరి పేరుందో పోల్చుకుందామని. అది గమనించాక ఆమె పెదవులు కూడా కదపడం మానేసింది. ఏమైందిరా అన్న మాట రోజుకి ఎన్నిసార్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోయేదో ఆమెకే తెలియాలి. కొన్నిసార్లు వెనక్కి పోకుండా జారిపోయేది. అప్పుడు తమ్ముడు, ఏమీ లేదక్కా అనేవాడు. ఆ ఏమీ లేదు అన్న మాట వెనక ఏముందా అని ఆమె సగం రాత్రి కొట్టుకుపోయేది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మరదలి తండ్రి కూతుర్ని చూడ్డానికి వచ్చాడు. తాళాలు బాగుచెయ్యడం ఆయనకి తెలిసిన పని. షాపు బయటే చెప్పులు విడిచి, తడిసిన చొక్కాతో గుమ్మంలోనే నిలబడ్డాడు. ఈ వీధిలో తన గురించి ఏం తెలుసో ఆయనకీ తెలుసు కాబోలు, ఎవరి ముఖంలోకీ చూడటం లేదు. మరదలు కుట్టుమిషను మీంచి లేచి, ముందు తండ్రిని కాదు, వదినగారిని చూసింది.

పెద్దక్కకి ఎక్కడలేని మాటలూ ముంచుకొచ్చాయి. మానేశారా? దేవుణ్ణి నమ్ముకున్నారా? మీకోసం నేనెన్ని పూటలు పస్తున్నానో తెలుసా? ఆయన చేతులు వణకడం చూసింది. వణుకు తాగినందుకో, మానినందుకో, తడిసినందుకో తేల్చుకోవడానికి ముక్కు ఎగబీల్చింది కూడా. ఏదో వాసన తగిలినట్టే ఉంది, తగలనట్టూ ఉంది.

"లోపలికి రండి. టీ పెడతాను," అంది.

టీ తాగుతూ ఆయన షట్టరు తాళం వంక చూసి, బిగుసుకుపోతోందా అమ్మా అని అడిగాడు. అవునంది. సంచీలోంచి పనిముట్లు తీసి తాళం విప్పి ముందేసుకున్నాడు. పని మొదలయ్యాక వణుకు కొంత తగ్గింది. ఎక్కడో మొదలుపెట్టి ఏవేవో చెప్పాడు. ఏ తాళాలు ఎలా మొరాయిస్తాయో, చిన్నకూతురి మొగుడు ఎంత మూర్ఖుడో, తనని పనిలోంచి తీసేసిన యజమాని ఎందుకు చెడ్డవాడు కాదో. పెద్దక్క కర్టెను ఇస్త్రీ చేస్తూ ఊఁ కొట్టింది. ఒకచోట ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఉంచేసి గుడ్డ మాడబోయింది గాని, మధ్యలో ఒక్క ప్రశ్నైనా వెయ్యలేదు. సాయంత్రం ఆయన వెళ్ళిపోయాడు. ప్రార్థనకి ఉండమని అడగాలని ఎంత ఉన్నా, అడగలేదు.

మరదలు ఆ రోజు బస్టాండుకి వెళ్ళలేదు. ప్రార్థనకి కూర్చోనూ లేదు. వెనక దొడ్లో కప్పులు కడుగుతూ ఉండిపోయింది. పెద్దక్క చాప చుట్టి వెళ్ళి, కడిగిన కప్పులు తుడవడానికి పక్కన నిలబడింది.

"నాన్న మానలేదు వదినా," అంది మరదలు కొళాయి కట్టేసి. "ఇవాళ మాత్రం ఇక్కడికొస్తున్నానని పొద్దుట్నుంచి ముట్టుకోలేదట. వెళ్ళేటప్పుడు చెప్పాడు." కప్పు అందించబోయి ఆగింది. "ఇది ఎవరికీ తెలియకూడదు. ఆయనకి కూడా నేనే చెప్పుకుంటాను."

"దేవుడికి కూడా చెప్పొద్దా?" అని అడిగింది పెద్దక్క. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలియక అడిగింది.

మరదలు ఆమె ముఖంలోకి అనుమానంగా చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపు ముందు పెద్దక్క కదలకుండా నిలబడింది.

"చెప్పండి," అంది చివరికి. "మెల్లగా చెప్పండి."

పెద్దక్క కప్పు అందుకుని తుడిచి అరలో పెట్టింది. రేపు పొద్దున్నే కొలతలకి వెళ్ళాల్సిన ఇల్లు ఉందనీ, కిటికీలు ఎత్తుగా ఉన్నాయట, టేపు రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలనీ అంది. మరదలు వస్తానని గాని రానని గాని చెప్పలేదు. ఏ వేళకి బయల్దేరాలని అడిగింది.